ఎనభై ఏడో లైను

మా కంపెనీలో నా పని పుస్తకాలు రాయడం. రచయిత్రినని పొరబడకండి. మిషను పెట్టెలో అట్టకీ థర్మకోలుకీ మధ్య ఇరుక్కుని వచ్చే, ఎవరూ విప్పి చూడని సన్నపాటి పుస్తకాలు ఉంటాయే, అవి నావి. పదహారేళ్ళలో నలభై రాశాను. ఒక్క పాఠకుడూ ఉత్తరం ముక్క రాయలేదు, తిట్టడానికైనా.

నా పక్క బల్ల ఆమెది. ఆమె ఉద్యోగం ఏమిటో చెబితే దానిక్కూడా జీతమిస్తారా అని నవ్వేవాళ్ళున్నారు. ఏ మిషనైనా కొనుక్కొచ్చి ప్లగ్గు పెట్టగానే ఒక తీరుగా పనిచేస్తుంది కదా. తెర ఇంత వెలుగుతుంది, చప్పుడు ఇంత చేస్తుంది, ఆపేశాక లోపలి ఫ్యాను ఇన్ని సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇవన్నీ మనం మార్చుకోవచ్చు. మార్చుకునేదాకా మాత్రం ఎవరో ముందే పెట్టి పంపిన అంకెలే నడుస్తాయి. మా దగ్గర ఆ అంకెలు పెట్టే మనిషి ఆమె. ఎక్కడ అనుమానం వచ్చినా సున్నా పెట్టేది. సున్నా అంటే ఆ పని జరగదని. అందుకని ఆఫీసంతా ఆమెని సున్నా అక్క అనేవాళ్ళం. ఎదురుగానే అనేవాళ్ళం, ఆమె పలికేది కూడా.

“వందమంది కొంటే మెనూ తెరిచేవాళ్ళు నలుగురే. ఆ నలుగురి కోసం మెనూ పెట్టారు. మిగతా తొంభై ఆరుమంది కోసం నన్ను పెట్టారు” అనేది. ఇది గాలికి అన్న మాట కాదు. దుకాణాల్లో, వర్క్‌షాపుల్లో స్టూలు వేసుకుని రోజులకి రోజులు కూర్చుని, కొన్నవాళ్ళు మిషనుతో ఏం చేస్తున్నారో చూసి లెక్క రాసుకొచ్చింది. నేనొకసారి ఆమె ఇంటికి వెళ్తే వంటింట్లో పొయ్యి మీది గడియారం సున్నాలు చూపిస్తూ మినుకుమినుకుమంటోంది. కొని ఆరేళ్ళయిందట, టైము పెట్టలేదు. “నేనూ ఆ తొంభై ఆరుమందిలోదాన్నే” అని సిగ్గులేకుండా నవ్వింది.

కొత్త మిషను బయటికి వెళ్ళే ముందు వారం, ప్యాకింగు హాలు పక్కనున్న సామాన్ల గదిలో తలుపేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. జాబితాలో రెండొందల పద్నాలుగు లైన్లు. ఆమె ఒక్కో లైనూ పైకి చదివి అంకె చెప్పాలి. నేను “ఎవరికి?” అని అడగాలి. ఆమె ఒక మనిషిని చూపించాలి. ఇది ఆమె పెట్టిన పద్ధతి.

“తెర వెలుతురు, ఆరు.”

“ఎవరికి?”

“కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయిన ముసలావిడకి.”

“బటను నొక్కితే టిక్కుమనడం. ఉండాలి.”

“ఎవరికి?”

“నొక్కానో లేదోనని పదిసార్లు నొక్కే కంగారు మనిషికి.”

మనిషి దొరక్కపోతే ఆ అంకె చెల్లదు. ఒక్కోసారి ఒక్క లైను దగ్గరే పొద్దంతా గడిచిపోయేది, నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా అంత శ్రద్ధగా ఎవరి గురించైనా ఆలోచించడం నేను మరో చోట చూడలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ గురించి, వాళ్ళకి తెలియకుండా.

ఎనభై ఏడో లైను ఒక్కటే మేము అలా చదివేవాళ్ళం కాదు.

అది కరెంటు గురించి. కరెంటు పోయి మళ్ళీ వస్తే మిషను ఏం చెయ్యాలి? ఒకటి పెడితే దానంతట అదే మళ్ళీ నడవడం మొదలుపెడుతుంది. సున్నా పెడితే ఎవరో వచ్చి ఆకుపచ్చ బటను నొక్కేదాకా కదలదు.

ఆమె తమ్ముడు పద్దెనిమిదేళ్ళ క్రితం ఒక ప్రెస్సులో కాయితాలు కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. కత్తి కింద ఇరుక్కున్న కాయితాల దొంతర లాగుదామని చెయ్యి పెట్టాడు. కరెంటు వచ్చింది. కుడిచేతివి మూడు వేళ్ళు పోయాయి. ఆ మిషనులో కరెంటు రాగానే తిరగమని పెట్టి ఉంది. ఎవరు పెట్టారో కనుక్కుంటానని ఆమె రెండేళ్ళు కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగింది. అమ్మినవాడిని, బిగించినవాడిని, చివరికి తయారుచేసిన కంపెనీవాళ్ళని అడిగింది. పాత మిషను జాబితా కొత్తదానికి ఎత్తి రాశారట, అంతే. ఆ అంకెని ఎవరూ నిర్ణయించలేదు. నిర్ణయించినవాడు దొరికితే తిట్టడానికి సిద్ధంగా వెళ్ళిన మనిషి, తిట్టడానికి కూడా ఎవరూ లేరని తెలిసి ఉసూరుమంటూ తిరిగొచ్చింది. ఆ తర్వాతే మా కంపెనీలో ఈ పనికి చేరింది.

అందుకని మా కంపెనీ నుంచి వెళ్ళే పిండి కలిపే మిషన్లూ, గుడ్డలు ఆరబెట్టే మిషన్లూ, చిన్న రంపాలూ, అన్నిటికీ ఎనభై ఏడో లైను సున్నాయే. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం తగ్గేది. మొదటిసారి నేను “ఎవరికి?” అనబోయి ఆగిపోయాను. ఆమె కూడా ఆగి, తల దించుకుని తర్వాతి లైనుకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి అదే అలవాటు. “ఎనభై ఏడు” అంటుంది, “ఊఁ” అంటాను, ముందుకి వెళ్తాం. పుండు మీద వేలు పెట్టకూడదన్న మర్యాద అది. మర్యాదే అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం కంపెనీ ఇళ్ళలో వాడే ఆక్సిజన్ మిషను మొదలుపెట్టింది. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళ మంచం పక్కన పెడితే, గదిలో గాలినే వడకట్టి సన్నటి గొట్టంలోంచి ముక్కుకి అందిస్తుంది. లోపలి బోర్డు మాత్రం పాతదే, పిండి కలిపే మిషనులోది. జాబితా కూడా అదే, చివర నలభై కొత్త లైన్లు చేరాయి. సామాన్ల గదిలో నాలుగు రోజులు కూర్చున్నాం. కొత్త లైన్లన్నిటికీ మనుషుల్ని వెతికాం. మంచం మీంచి లేవలేని మనిషి, చెముడున్న భర్త, ఉద్యోగానికి వెళ్ళిపోయే కోడలు, అందరూ ఆ గదిలోకి వచ్చి వెళ్ళారు.

“ఎనభై ఏడు” అంది.

“ఊఁ” అన్నాను.

దానికి పట్టిన కాలం రెండు సెకన్లు ఉంటుందేమో. ఆ రెండు సెకన్ల గురించే నేనిదంతా రాస్తున్నాను.

పుస్తకంలో నలభై ఒకటో పేజీలో నేనే రాశాను: “విద్యుత్తు తిరిగి వచ్చిన తరువాత ఆకుపచ్చ బటన్‌ను నొక్కవలెను.” నొక్కవలెనట! ఎంత పద్ధతిగా రాశానో చూడండి. రాస్తున్నప్పుడైనా నా బుర్రకి తట్టలేదు.

ఏడాది తిరిగేసరికి నూట ఎనభై ఏడు మిషన్లు అమ్ముడయ్యాయి. ఎండాకాలంలో ఒక రోజు ఒకామె మా ఆఫీసుకి వచ్చింది. బట్టలు కుట్టే ఆమె, నలభై ఏళ్ళుంటాయి, మెడలో కొలత టేపు అలాగే ఉంది. మిషనుని రెండు చేతులతో పొదివి పట్టుకుని మూడు మెట్లెక్కి వచ్చి మేనేజరు బల్ల మీద పెట్టింది. వాళ్ళ నాన్న పోయి తొమ్మిది రోజులైంది. ఆమె కేకలేస్తుందని అందరం బిగుసుకుపోయాం. కేకలెయ్యలేదు.

“నేను పక్కగదిలో కుడుతున్నానండీ. కరెంటు పోయింది, ఇది కుయ్యి కుయ్యిమని అరిచింది. లేచి వెళ్ళబోతుండగానే కరెంటొచ్చింది, అరుపాగిపోయింది. సరే నడుస్తోంది కదా అని కూర్చున్నాను. నా మిషను చప్పుడులో దాని చప్పుడు నాకేం తెలుస్తుంది? ఫ్యాను తిరిగింది. లైటొచ్చింది. పక్కింటివాళ్ళ టీవీ కూడా వచ్చింది. ఇదొక్కటీ ఎందుకు రాలేదండీ?”

కరెంటు లేనంతసేపూ అరుస్తుంది, రాగానే అరుపు ఆపి బటను కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మా మిషను అంతే. మేనేజరు గొంతు సవరించుకుని, నిబంధనల ప్రకారం పుస్తకంలో నలభై ఒకటో పేజీలో స్పష్టంగా రాసి ఉందని చెప్పాడు. చీమ కుట్టినట్టైనా లేదు ఆయనకి. నేను గోడవైపు చూశాను. సున్నా అక్క ఆమెకి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఒకడుగు ముందుకేసి ఆగిపోయింది. కుట్టే ఆమె మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, మిషను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత వారం మేమిద్దరం ఆ ఇంటికి వెళ్ళాం. ఖాళీ చేసి వెళ్ళిపోయిందన్నారు.

కుట్టే ఆమె వచ్చిన రోజు సాయంత్రమే సున్నా అక్క తన తమ్ముడి ఇంటికి వెళ్తూ నన్నూ తోడు రమ్మంది. తమ్ముడు సరదా మనిషి. ఇప్పుడు అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు, ఎడమచేత్తో. “నాకు పదిదాకా లెక్కపెట్టాలంటే కాళ్ళ సాయం కావాలి” అని తనమీద తనే జోకులేసుకుంటాడు. ఆ రోజు జోకులు లేవు. అక్క చెప్పిందంతా చివరిదాకా విన్నాడు.

“అంటే, ఆ లైను మీరు చదవలేదు.”

“చదవలేదురా.”

“నా వేళ్ళు గుర్తొస్తాయని.”

ఆమె తలూపింది.

“నా వేళ్ళు పోయి పదహారేళ్ళైందక్కా. ఈ చేత్తోనే అన్నం తింటున్నాను, పిల్లలకి జడలేస్తున్నాను. నాకు లేని మొహమాటం మీకెందుకు? ఒక్కసారి, ఒక్కసారి నన్నడిగుంటే నేనొచ్చి కూర్చుని చదివేవాణ్ణి కదా ఆ లైను! నామీద జాలిపడొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఇప్పుడు చూడు, మీ జాలికి ఎవరి నాన్నో పోయాడు.”

ఆ మాట ఆమెకి చెప్పినా సగం నాదే. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా మేనేజరు అనే మాటలన్నీ దులిపేసుకున్న మనిషి, ఆ ఒక్కమాట కింద నలిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక మిగిలినవి నూట ఎనభై ఆరు మిషన్లు. నూట ఎనభై ఆరు మంచాలు. ఫ్యాక్టరీలో కొత్తగా తయారయ్యేవాటికి మర్నాడే సున్నా తీసి ఒకటి పెట్టేసింది. బయటికి వెళ్ళిపోయినవాటిని ఆఫీసులో కూర్చుని మార్చడానికి లేదు, వాటిని ఆఫీసుతో కలిపే తీగేదీ లేదు. మిషను ముందు కూర్చుని, పైబాణం కిందబాణం రెండూ కలిపి ఆరు సెకన్లు నొక్కిపట్టి, సర్వీసు మెనూలోకి దిగి, ఎనభై ఏడో లైనుకి వెళ్ళి మార్చాలి. కంపెనీ అందరికీ ఉత్తరాలు పంపి చేతులు దులుపుకుంది. తొమ్మిది జవాబులొచ్చాయి.

“మెనూ తెరవనివాళ్ళు ఉత్తరం తెరుస్తారా?” అంది సున్నా అక్క. ఫోనులో చెప్పి చేయిద్దామని చూశాం. ఒక పెద్దాయన వణికే చేతులతో ఏదో నొక్కి, గాలి పాళ్ళు సగానికి తగ్గించేశాడు. ఆమె మొహం తెల్లబోయింది, ఫోను పెట్టకుండానే బస్సెక్కి వెళ్ళింది. ఆ తర్వాత ఫోనులో ఒక్కటే చెప్పేవాళ్ళం, కరెంటొచ్చాక ఆకుపచ్చ బటను నొక్కమని. “నొక్కుతాంలేమ్మా” అనేవాళ్ళు. ఎంతమంది మర్చిపోతారో ఆమెకి తెలుసు. కొందరి నంబర్లు అసలు మోగేవే కావు.

చిరునామాల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. సెలవు రోజులన్నీ పోయాయి, తర్వాత లీవులు పోయాయి. లిఫ్టు లేని అయిదో అంతస్తులు, షాపుల వెనక గదులు, మందుల వాసన కొట్టే ముందుగదులు. ఒకావిడ మేము దొంగలమని తలుపు గొళ్ళెం తియ్యలేదు, కిటికీలోంచి నా గుర్తింపు కార్డు రెండువైపులా చూసి, ఫోటోలో నువ్వు ఇంతకంటే బాగున్నావంది. ఇంకో ఇంట్లో ఒక తాతగారు, పని అయిదు నిమిషాల్లో అయిపోయినా రెండు గంటలు కదలనివ్వలేదు, ఆయనకి మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్ళైందో. ప్రతి ఇంట్లోనూ సున్నా అక్క లైను మార్చాక ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టి, మిషను దానంతట అది గుర్రుమనేదాకా చెయ్యి దానిమీదే ఉంచేది. అప్పుడుగానీ లేచేది కాదు. అయిదు నెలల్లో నూట ఎనభై అయిదు అయ్యాయి. ఆ అయిదు నెలల్లో ఆమె చిక్కి సగమైంది.

దగ్గరి వీధులతో మొదలుపెట్టి, ఒక్కో వీధీ పూర్తిచేసుకుంటూ వరసగా వెళ్ళాం. చిరునామా దొరకని ఒక్కటి చివరికి మిగిలింది. కొన్నవాళ్ళకి అవసరం తీరి ఎవరికో ఇచ్చేశారు, వాళ్ళు ఇంకెవరికో. అలా నాలుగు చేతులు మారి, ఊరి అవతల ఒక రిటైరైన పోస్టుమాస్టారి ఇంట్లో ఉందని తేలింది. ఉదయం పదింటికి వెళ్ళాం. తలుపు ఆయనే తీశారు, వెనక కూతురు నిలబడి ఉంది. మిషను చూడాలన్నాం.

“ఆలస్యంగా వచ్చారమ్మా” అన్నారు. “మా ఆవిడ పోయి పంతొమ్మిది రోజులైంది.”

మిషను గది మూలన ఉంది, పైన మడతపెట్టిన దుప్పటి కప్పి. కూతురు లోపలికి వెళ్ళింది మంచినీళ్ళు తేవడానికి. సున్నా అక్క వెళ్ళి దుప్పటి తీసింది. ఆ మిషను చివరిగా జరిగిన ఇరవై సంగతులు టైముతో సహా దాచుకుంటుంది. నేల మీద కూర్చుని రెండు బాణాలూ నొక్కిపట్టింది. నేను ఆమె భుజం మీంచి చూశాను. పదకొండూ ఇరవైకి కరెంటు పోయింది. పదకొండూ ఇరవై ఆరుకి వచ్చింది. దాని కింద లైను, బటను కోసం ఎదురుచూపు. దాని కింద పన్నెండూ నాలుగు దాకా ఇంకేమీ లేదు.

నా చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆపుదామనే వేశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆవిడ ఆయుష్షు తీరిందని ఆయన అనుకుని ఉన్నారు కదా, ఇప్పుడు చెప్పి ఎవరికేం లాభం, పదక్కా వెళ్ళిపోదాం అని చెవిలో అన్నాను కూడా.

“ఏం చూస్తున్నారమ్మా అందులో?” అన్నారు పోస్టుమాస్టారు.

“ఆ రోజు మీరు ఇంట్లో లేరా అండీ?” అని అడిగింది ఆమె.

ఆయన మొహంలో రంగు మారిపోయింది. వంటింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. “మందులకని పదకొండింటికి వెళ్ళాను. అదెలా తెలిసింది మీకు? అందులో కనిపిస్తుందా? నేను ఆపేసినట్టు కనిపిస్తుందా?”

“మీరు ఆపడమేంటండీ?”

“బయటికెళ్తూ స్విచ్చులన్నీ ఆపేసే అలవాటు నాది. నలభై ఏళ్ళ అలవాటు. దీని స్విచ్చు కూడా ఆ వరసలోదే. తిరిగొచ్చి చూస్తే ఇది ఆగిపోయి ఉంది, ఆవిడ... కంగారులో అన్ని స్విచ్చులూ టపటపా కొట్టేశాను. ఏది వేసుందో ఏది ఆపేసుందో చూసుకోలేదు. నేనే ఆపేసి వెళ్ళానమ్మా. మా అమ్మాయికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు దణ్ణం పెడతాను, దానితో అనకండి.”

పంతొమ్మిది రోజులుగా ఆ మనిషి ఒంటరిగా మోస్తున్నది ఇదీ. వెళ్ళిపోదామన్న నోటిని నేను కుట్టేసుకోవాలనిపించింది.

సున్నా అక్క నేలమీంచి లేవలేదు. మిషనుని ఆయనవైపు తిప్పి తెర చూపించింది. “మీరు పదకొండింటికి వెళ్ళారు. ఇక్కడ చూడండి, పదకొండూ ఇరవైదాకా ఇది నడుస్తూనే ఉంది. అప్పుడు కరెంటు పోయింది. ఇరవై ఆరుకి మళ్ళీ వచ్చింది. మీరు స్విచ్చు ఆపేసి వెళ్తే దీనిదాకా కరెంటు రాదు కదండీ. మీరు ఆపలేదు. కరెంటొచ్చినా నడవద్దని, ఎవరో వచ్చి బటను నొక్కాలని దీన్లో పెట్టి ఉంది. అలా పెట్టింది నేను.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. తెర దగ్గరికి వంగి, ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. గోడ గడియారం వైపు చూశారు, మళ్ళీ తెర వైపు చూశారు.

“అయితే నేను కాదా?”

“మీరు కాదండీ. నేను.”

కూతురు మంచినీళ్ళ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగింది. నాన్న ఏడుస్తుండటం చూసి ఏమైందని మమ్మల్ని అడిగింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని తన పక్కన నిలబెట్టుకున్నారు. మా మీద కోపం లేదనలేదు, క్షమించాననలేదు. ఆ ఊసే ఎత్తలేదు.

“ఇప్పుడు చెప్పమ్మా” అన్నారు సున్నా అక్కతో. “మా అమ్మాయి కూడా వింటుంది. ఇందాక చెప్పింది మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

ఆమె మొదట్నుంచి చెప్పింది.